ఐదు కిలోల వరకే ఒకే దేశం

‘ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు’ను తప్పుపట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2019 ఆగస్టులో గుజరాత్–మహారాష్ట్ర ఒక జంటగా, ఆంధ్రప్రదేశ్–తెలంగాణ మరో జంటగా, ఒక రాష్ట్రం కార్డుతో పక్క రాష్ట్రంలో రేషన్ తీసుకునే ప్రయోగం మొదలైంది. ఆస్తుల పంపకాలు తెగక ఐదేళ్లుగా కొట్టుకుంటున్న మన రెండు రాష్ట్రాలూ బియ్యం దగ్గర కలిసిపోయాయి. 2022 జూన్‌లో అస్సాం కూడా చేరడంతో దేశమంతా ఒక్కటైపోయింది. ఇంకేం కావాలి?

బియ్యం కావాలట.

పెద్దపల్లి వైపు ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా నుంచి, బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఆలుమగలు పిల్లల్ని వెంటేసుకుని వస్తారు. కూలీలను కుదిర్చే సర్దార్ దగ్గర అడ్వాన్స్ పుచ్చుకుని, పండగలయ్యాక దిగి, తొలకరి దాకా మట్టిలోనే ఉంటారు. అలాంటి జంట ఒకటి రేషన్ షాపుకొచ్చిందనుకోండి. డీలర్ మంచివాడే. “భయ్యా, అంగూఠా” అంటాడు. పెట్టాడు. పడలేదు. “దూస్రా ఉంగ్లీ.” అదీ పడలేదు. “జర తుడ్సి పెట్టు.” లుంగీకేసి తుడిచి పెట్టాడు. బురద పిసికి, అచ్చులు కొట్టి అరిగిన వేళ్లు. తుడిస్తే మట్టి పోతుంది గానీ గీతలు మళ్లీ రావు కదా. భార్య ముందుకొచ్చి వేలు పెట్టింది. పడింది! కానీ ఈ నెల కోటా ఎత్తేశారని మిషన్ చెప్పింది. ఊళ్లో ఉన్న అత్త కార్డు మీద ఉన్నదంతా తెచ్చేసుకుందన్నమాట. రూల్ ప్రకారం ఆమె తన వాటా తీసుకుని, కొడుకూ కోడలి వాటా వదిలిపెట్టాలి. ఆ రూల్ ఆ ముసలమ్మకు ఎవరు చెప్పారు? దేవుడు వరమిచ్చాడు, పూజారి కూడా కరుణించాడు, పాపం అత్తే అడ్డుపడింది.

సరే, వేలూ పడింది, కోటా కూడా ఉందనుకుందాం. మనిషికి ఐదు కిలోలు. వెనకాల లైన్లో ఉన్న లోకల్ కార్డుకు మాత్రం ఆరు. ఆరో కిలో తెలంగాణ సొంత ఖర్చు కాబట్టి పొరుగు రాష్ట్రం కార్డుకు దాంతో సంబంధం లేదు. మనవాళ్లకూ ఇదే న్యాయం. పాలమూరు నుంచి ముంబై పోయిన కూలీ జేబులోది కేంద్రం ఖాతా కార్డయితే అక్కడ బియ్యం ఇస్తారు. రాష్ట్రం తన ఖాతాలో ఇచ్చినదైతే దాన్ని ఫ్రేము కట్టించుకోవచ్చు. ఏది ఏ ఖాతాదో బస్సెక్కే ముందు అతనికి ఎవరూ చెప్పరు.

కార్డే లేనివాళ్ల కథ ఇంకా బాగుంటుంది. 2013 ఆహార భద్రత చట్టం పల్లెల్లో 75 శాతం మందికి, పట్టణాల్లో 50 శాతం మందికి అని లెక్కగట్టింది. లెక్క మాత్రం 2011 జనాభాది. ఆ తర్వాత పుట్టినవాళ్లు ఆకలేస్తే కాస్త ఓపిక పట్టాలి. 2021లో ఈ-శ్రమ్ పోర్టల్ పెట్టి కూలీలను నమోదు చేస్తే, వాళ్లలో సుమారు 8 కోట్ల మందికి రేషన్ కార్డు లేదని బయటపడింది. ఇవ్వండని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది, 2024లో మళ్లీ చెప్పింది. కోటా నిండిపోయిందని జవాబు. ఇంతకీ వాళ్లకేం తక్కువ? ఆధార్‌కు పన్నెండు అంకెలు, ఈ-శ్రమ్‌కు ఇంకో పన్నెండు. ఇరవై నాలుగు అంకెలున్న మనిషిని పేదవాడంటే ఎలా?

అసలు లెక్క లేకపోవడమే మన సర్కారుకు శ్రీరామరక్ష. లాక్‌డౌన్‌లో ఎంతమంది వలస కూలీలు చనిపోయారని 2020 సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, అలాంటి లెక్కలేవీ లేవన్నారు. మరి పరిహారం? లెక్కే లేనప్పుడు ఆ ప్రశ్నే ఉత్పన్నం కాదన్నారు. తర్కశాస్త్రం చదువుకునే పిల్లలకు పాఠంగా పెట్టాల్సిన జవాబు.

వలస కూలీలకు చట్టం లేదా అంటే, 1979 నుంచే ఉండేది. పక్క రాష్ట్రం నుంచి ఐదుగురిని తెచ్చి పనిలో పెట్టుకుంటే వర్తించేది. ఊరు విడిచి వచ్చినందుకు నెల కూలిలో సగమో, 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది భత్యంగా ఇమ్మంది. ఇచ్చినవాణ్ణి నేనైతే చూడలేదు. ఇవ్వనిదాన్ని పుస్తకంలో ఉంచడం దేనికనుకున్నారో ఏమో, 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ భత్యం మాయమైంది. ఐదుగురు పదిమంది అయ్యారు. ఇకపై ఒకచోట తొమ్మిదిమంది ఉంటే, వాళ్లు చుట్టపుచూపుగా వచ్చి సరదాకు ఇటుకలు కోస్తున్నట్టే.

జనాభా లెక్కలు 2027 ఫిబ్రవరిలో తీస్తారట. బట్టీలు మంచి ఊపులో ఉండే నెల అది. బలంగీర్‌లో తలుపు తడితే అత్త ఒక్కతే ఉంటుంది. ఇక్కడ బట్టీ దగ్గరికొచ్చి ఎంతమంది ఉన్నారని అడిగితే, ఓనరు ఠక్కున తొమ్మిదిమందే అంటాడు.