నా వీపు వెనక నలుగురు

మా సైక్లింగ్ క్లబ్బులో నాకున్న గౌరవమంతా నా వీపు వల్ల వచ్చింది. కాళ్లకు ఇందులో పెద్ద పాత్ర లేదు. ఈ మాట మా ఇంట్లో చెబితే నమ్మరు. అక్కడ నా వీపు గురించి టీవీకి అడ్డం వచ్చినప్పుడే మాట్లాడతారు.

సంగతేమిటంటే, సైకిలు గంటకు 30 కిలోమీటర్ల వేగం అందుకున్నాక మన శక్తిలో సింహభాగం గాలిని తోయడానికే పోతుంది. ముందొకడు గాలిని చీలుస్తూ పోతుంటే, వాడి చక్రానికి మూరెడు దూరంలో అంటుకున్నవాడికి పావు వంతో, మూడో వంతో శ్రమ తగ్గుతుంది. డ్రాఫ్టింగ్ అంటారు దీన్ని. టూర్ డి ఫ్రాన్స్‌లో జట్టు నాయకుణ్ణి ఇలాగే దాచి దాచి కొండల దాకా తీసుకెళ్తారు. దాచేవాళ్లకు జీతాలుంటాయి. మా క్లబ్బులో ఆ ఏర్పాటు లేదు. పైగా చలిగాలి చిక్కన. వేసవి సాయంత్రపు గాలి కంటే డిసెంబరు గాలి ఐదారు శాతం బరువెక్కి ఉంటుంది. అంచేత ఎండాకాలంలో నన్ను 'సార్' అనేవాళ్లంతా కార్తీకం దాటేసరికి 'అన్నా' అంటారు.

మంగళ, గురువారాలు సాయంత్రం ఆరున్నరకి నార్సింగి దగ్గర కలుస్తాం. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సైకిల్ ట్రాకు ఉందే, అక్కడ. మొత్తం 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, నెత్తిన 16 మెగావాట్ల సోలార్ పలకలు. ఎండ తగలకుండా వేసిన ఆ కప్పు కిందికి సూర్యుడు ఇంటికెళ్లిన ముప్పావుగంటకు మేం చేరుకుంటాం. మాకు ఆ కప్పు దండగ అనుకుంటున్నారేమో, మా అమ్మనడగండి. "మంచులో తిరుగుళ్లేంట్రా, చెవుల్లో దూదన్నా పెట్టుకో" అని గుమ్మానికి అడ్డం నిలబడ్డ మనిషి, పైన కప్పుందనీ, మంచు పడదనీ తెలిశాకే దారిచ్చింది. "చూశావా, గవర్నమెంటువాళ్లకున్న శ్రద్ధ నీకు లేదు" అని కూడా అంది.

ఇంతా చేసి ఆ సమయానికి చలి ఎంతనుకున్నారు? ఇరవై డిగ్రీలు. దానికే మావాళ్లు చేతులకు తొడుగులు, బూట్లకు తొడుగులు, మెడకో తొడుగు వేసుకుని బ్యాంకు దోపిడీకి బయల్దేరినట్టు వస్తారు.

అపార్టుమెంటు దిగేటప్పుడు మా వాచ్‌మన్ సైకిలు పట్టుకుంటాడు. ఎవరో ఒకరు పట్టుకోవాలి, దానికి స్టాండు లేదు మరి. "లచ్చ పెట్టి కొన్నరు, స్టాండ్ గూడ ఇయ్యలేదా సార్?" అన్నాడొకసారి. బరువు తగ్గించడానికి తీసేస్తారయ్యా అన్నాను. అతను సైకిలును చూశాడు. తర్వాత నా పొట్టను చూశాడు. మర్యాదస్తుడు, ఏమీ అనలేదు.

బరువు జబ్బు ముదిరినవాడు మాలో ఇంకొకడున్నాడు. కార్బన్ కుర్రాడందాం. పోటీ సైకిలు 6.8 కేజీలకు తగ్గకూడదని అంతర్జాతీయ సమాఖ్య నియమం. వీడు ఏ పోటీకీ వెళ్లడు గానీ, తన సైకిలు ఆ గీతకు ఇంకా 300 గ్రాములు పైనుందని నిద్రపోడు. మనిషి ఈనెపుల్లలా ఉంటాడు. వాడి వెనక దాక్కుంటే గాలితోబాటు దోమలు కూడా మనకే తగుల్తాయి.

ట్రాకు పడమటి కొసనున్న కొల్లూరు దాకా వెళ్లేటప్పుడు అందరూ వీరులే. శీతకాలంలో మనకు గాలి తూర్పు నుంచి వస్తుంది. పోయేటప్పుడు వీపున తోస్తుంటే అదంతా తమ తొడల బలమే అనుకుంటారు. "లెఫ్ట్ అంకుల్!", "ముందు సెల్ఫీ!", "కుక్క, కుక్క!" అని కేకలేస్తూ దూసుకుపోతారు. కొల్లూరులో వెనక్కి తిరిగామో లేదో, ఒక్కొక్కరికీ నీళ్లు తాగాలనిపిస్తుంది, బూటు లేసు ఊడుతుంది. "అన్నా, మీరు ముందుండండి. మీ రిథమ్ బాగుంటది."

వరసలో ముందున్నవాడు నిమిషమో రెండో లాగి, మోచేయి ఆడించి పక్కకు తప్పుకోవాలి, వెనకవాడు ముందుకు రావాలి. ఇది ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. నేనూ ఆడిస్తాను. కోడి రెక్క కొట్టుకున్నట్టు కొట్టుకుంటాను. చీకట్లో కనబడలేదట! ట్రాకు పొడుగునా లైట్లు, ప్రతివాడి సైకిలుకూ కళ్లు చెదిరే మరో లైటు. అయినా నా మోచేయి కనబడదు.

నాకు మాత్రం వెనక జరిగేదంతా వినబడుతుంది. ఈ సైకిళ్లకో గుణముంది, తొక్కడం ఆపితే వెనక చక్రం ఇరుసులోంచి టిక్‌టిక్‌టిక్‌మని చప్పుడొస్తుంది. నేను గుండె నోట్లోకొచ్చి తొక్కుతుంటే, వీపు వెనక గడియారాల దుకాణం తెరిచినట్టు నాలుగు సైకిళ్లూ టిక్కుటిక్కుమంటుంటాయి. అంటే మహానుభావులు కాళ్లు ఆడించడం మానేశారన్నమాట. ఆపైన కబుర్లు. కోకాపేటలో గజం ఎంత, ఫలానా వాళ్లబ్బాయికి వీసా వచ్చిందా. నాకు ఒక్క మాట అనడానికి ఊపిరి లేదు, వీళ్లు రియల్ ఎస్టేట్ బేరాలాడుతున్నారు.

ఇలా హాయిగా సాగుతుండగా డాక్టరుగారు నా రక్తపరీక్ష చూసి పెదవి విరిచారు. మా ఆవిడ ఆ రాత్రే బియ్యం డబ్బా పైఅరలోకి ఎక్కించి జొన్నరొట్టె మొదలెట్టింది. సంక్రాంతి దాటేసరికి మూడు కేజీలు దిగాను. ఇంట్లో దిష్టి తీశారు.

క్లబ్బులో ముందు ఎవరూ పైకి అనలేదు. ఓ గురువారం ఎదురుగాలిలో నా వెనక టిక్కుటిక్కులు తగ్గాయి, ఆయాసాలు వినబడ్డాయి. రైడ్ అయ్యాక మామూలుగా ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు, ఆ రోజు అందరూ కలిసి నన్ను బజ్జీల బండి దగ్గరికి నడిపించారు. మిరపకాయ బజ్జీలు సలసలా కాగుతున్న నూనెలో తేలుతున్నాయి. బండివాడు ఒక్కోదాన్ని నిలువునా చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండుతున్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.

ఎప్పుడూ నీళ్ల సీసా మీది లేబులు కూడా బరువని పీకేసే కార్బన్ కుర్రాడు తన ప్లేటు నా చేతిలో పెట్టి, ఇంకో రెండు వేయించమని బండివాడికి సైగ చేశాడు.

"మొహమాటపడకన్నా, తినాలి. మంగళవారం గాలి గట్టిగా ఉంటదంట."