డ్యాం చూసొద్దాం పదండి

అనంతపురం జిల్లాలో ఆదివారం విహారానికి ముఖ్య ఆకర్షణ నీళ్లు. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా పేరుపడ్డ చోట, ఏడాదంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్లు కురిసే చోట, ఫలానా చోట నీళ్లున్నాయన్న కబురే పెద్ద తమాషా. చుట్టాలొస్తే విశాఖ వాళ్లు సముద్రం చూపిస్తారు. ఇక్కడి వాళ్లు డ్యాం చూపిస్తారు.

ఆ డ్యాం పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరు. అందరూ పీఏబీఆర్ అనే అంటారు. కూడేరు మండలం కొర్రకోడు దగ్గర పెన్నా నది మీద ఉంది. కాగితం మీద 11 టీఎంసీలు పడుతుంది. కట్ట కింద ఊట మూలంగా చాలా ఏళ్లు అందులో సగం నింపడానికే జంకారు. అనంతపురం నగరం కుళాయిలకు, 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకానికి, హిందూపురం దాకా పోయే శ్రీరామరెడ్డి పథకానికి నీళ్లు ఇక్కడివే. అంటే వారమంతా కుళాయి దగ్గర బిందె పెట్టుకుని కూర్చున్న మనిషి, ఆదివారం బండెక్కి వెళ్లి, తన నీళ్లను ముందుగానే పలకరించి వస్తాడన్నమాట.

విహార పద్ధతి సులభం. గేట్ల ముందు సెల్ఫీ, గట్టు మీద చేప వేపుడు. ఈత నిషేధమన్న బోర్డు చొక్కాలు తగిలించుకోవడానికి అనువుగా ఉంటుంది. తిన్న ఆకులు, తాగిన సీసాలు, ఒళ్లు తోమిన సబ్బు నురగ నీళ్లకే వదిలేస్తారు. ఎక్కడికి పోతాయి, పైపులైను వెంబడి ఊరికే వస్తాయి. వచ్చాక రంగు చూసి మునిసిపాలిటీని తిట్టడం సోమవారం కార్యక్రమం.

ఈ నీళ్లు కూడా విహారయాత్రికులే. తుంగభద్ర నుంచి హెచ్చెల్సీ అనే ఎగువ కాలువ వెంబడి, శ్రీశైలం నుంచి హంద్రీనీవా కాలువ మీదుగా, దారిలో ఎందరికో వాటాలిచ్చుకుంటూ చేరుకుంటాయి. తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది. పూడిక పేరుకుని ఇప్పుడు 105కు దిగింది. 2024 ఆగస్టు 10 రాత్రి దాని 19వ గేటు కొట్టుకుపోయింది. గొలుసు తెగిన నీళ్లు నదిలో పడి పోతుంటే, కిందున్న జిల్లాలు ఆ దృశ్యాన్ని టీవీల్లో చూశాయి. ఇంట్లో కూర్చుని చేసే జలవిహారం అది.

కాలువలో నీళ్లొచ్చిన రోజున మాత్రం పండుగే. నాయకులు పట్టుచీర, పసుపు కుంకుమ పట్టుకుని జలహారతికి దిగుతారు. ఒకే నీళ్లకు అధికారంలో ఉన్నవారు ఒక చోట, లేనివారు ఇంకో చోట హారతి ఇచ్చిన సందర్భాలు లేకపోలేదు. గంగమ్మకు పార్టీ లేదు కాబట్టి రెండు చీరలూ పుచ్చుకుంటుంది.

పాతకాలపు విహారస్థలం బుక్కరాయసముద్రం చెరువు. 1364లో విజయనగర బుక్కరాయల మంత్రి చిక్కవొడియ తవ్వించాడని చెబుతారు. ఈ కట్ట తెగబోతే పేరుకు ముసలమ్మ, వయసుకు పడుచు కోడలు ప్రాణమిచ్చి ఆపిందని ఐతిహ్యం. కట్టమంచి రామలింగారెడ్డి కావ్యం ‘ముసలమ్మ మరణం’ ఆ కథే. ఇప్పుడు కట్టలకు అంత త్యాగం అక్కర్లేదు. టెండరు చాలు.

చెరువు నిండి మరువ పారిన ఏడాది అక్కడ జనమే జనం. పారని ఏళ్లలో చెరువు గుంతలో పిల్లలు క్రికెట్ ఆడతారు. నీళ్లున్న చెరువు కన్నా నీళ్లు లేని చెరువు ఎక్కువ రోజులు అందుబాటులో ఉంటుంది. తుమ్మచెట్ల నీడ ఉచితం.

వంకల మాట వేరు. వాటిలో నీళ్లు ఎప్పుడోగానీ రావు కనుక పట్టాలు, ప్రహరీలు, మేడలు నింపాదిగా లోపలికి జరిగాయి. 2022 అక్టోబరులో భారీ వానకు అనంతపురం నగరంలోని నడిమివంక పొంగి తన పాత దారి వెతుక్కుంటూ కాలనీల్లోకి వచ్చింది. నీళ్లు చూడ్డానికి ఆ వారం ఎవరూ కొర్రకోడు దాకా వెళ్లలేదు.