ఆఫీసుకు నిదానం, అమ్మానాన్నలకు తొందర

చేతిలో కాసు లేక తిరునిన్రవూరు శివభక్తుడు పూసలార్ నాయనారు మనసులోనే గుడి కట్టేశాడు. కంచిలో పల్లవరాజు పెట్టుకున్న కుంభాభిషేకం వాయిదా వేయించి మరీ శివుడు ఆ గుడికే వెళ్లాడట! దత్తతకు దరఖాస్తు పెట్టినవాళ్లూ మనసులోనే ఉయ్యాల కడుతున్నారు. అది ఊగడానికి మూడు నాలుగేళ్లు పడుతోందని 2022లో సుప్రీంకోర్టే విసుక్కుంది.

దత్తత కోరేవాళ్ల ఇంటి పరిశీలన నివేదిక చెల్లుబాటు మాత్రం మూడేళ్లే. బిడ్డ రాకముందే నివేదికకు నూరేళ్లు నిండుతాయన్నమాట!

విదేశీ బిడ్డను దత్తత తీసుకోవాలంటే ఆ దేశపు చట్టమూ, మన కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ అనుమతీ రెండూ కావాలి. పిల్లల అమ్మకాలు ఆపే హేగ్ ఒప్పందానికి 2003లో ఒప్పుకున్నాం. కాగితాలు తప్పవు, సరే.

కానీ ఇక్కడి బిడ్డ వివరాలు తెరమీద కనబడ్డాక ఇక్కడి దంపతులు 48 గంటల్లో రిజర్వు చేసుకోవాలి. గడువు ఆఫీసుకూ పెట్టండి.