జనరేటరు గారిని లోపలికి పిలవకండి

పెద్ద తుఫాను వెళ్లిపోయాక విశాఖలో రెండే కులాలు మిగులుతాయి: జనరేటరు ఉన్నవాళ్లు, వాళ్లింటికి ఫోను ఛార్జింగుకి వెళ్లేవాళ్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చేసిన సామాజిక సంస్కరణ ఇది. గంటకి సుమారు 180 కిలోమీటర్ల గాలికి స్తంభాలు పడుకున్నాయి, మోటార్లు ఆగాయి, మేడల మీది ట్యాంకులు ఎండాయి. ఎదురుగా బంగాళాఖాతం, స్నానానికి చెంబుడు నీళ్లు లేవు.

ఆ దెబ్బతో మా పెద్ద తోడల్లుడుగారు గాజువాకలోని అత్తగారింటికి 1000 వాట్ల పెట్రోలు జనరేటరు కొనిపెట్టారు. తరవాతి గాలివానకి కరెంటు పోగానే దాన్ని ఎక్కడ పెట్టాలా అని ఇంటిల్లిపాదీ సమావేశమయ్యాం. బయటుంటే దొంగలెత్తుకుపోతారని తోడల్లుడుగారు, తడిసిపోతుందని మామగారు, చప్పుడికి పక్కింటివాళ్లు గొడవకొస్తారని మా ఆవిడ. "డబ్బు పోసి కొన్నదాన్ని వీధిలో పెడతారేటి?" అని అత్తగారు తీర్పు చెప్పేశారు. స్కూటరు హాల్లో, బియ్యం బస్తా మంచం కింద నిద్రపోయే ఇల్లు అది. జనరేటరుకి గ్రిల్లు వరండాలో గోనెపట్టా పరిచారు.

తోడల్లుడుగారు తాడు లాగారు. బనీను తడిసేదాకా లాగారు. అది ఉలకలేదు. తలుపు చాటు నుంచి అత్తగారు, "ఆ పెట్రోలు కాక్ తిప్పారా బాబూ?" అన్నారు. ఆయన తిప్పేలోపు వైరింగు చూడ్డానికి పిలిచిన కరెంటు కుర్రాడు వచ్చాడు. వస్తూనే వరండా చూసి చెప్పులు కూడా విప్పలేదు.

"మామ్మగారూ, దీన్నిక్కడ నడిపితే రేపొద్దున్న మనల్ని లేపడానికి ఎవరూ మిగలరు" అన్నాడు.

మేమంతా దాని చప్పుడికి భయపడుతున్నాం. అతను భయపడేది చప్పుడు చేయనిదానికి. పొగగొట్టంలోంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, అత్తగారింటి పడకకుర్చీని మా తోడల్లుడుగారు పట్టుకున్నట్టు. ఇక అసలువాడికి చోటుండదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, మగత దాని గుర్తులు. చిక్కేమిటంటే మా ఇంట్లో తలనొప్పి కాఫీ ఆలస్యానికీ, మగత ముద్దపప్పుకీ ఎప్పుడో కేటాయించేశారు. కొత్తవాడి మీద అనుమానమే రాదు. జనరేటరు నడుస్తుండగా ఇవి కనబడితే అమృతాంజనం వెతుక్కోకుండా అందరూ బయటి గాలిలోకి పరిగెత్తి, ఆనక ఆసుపత్రికి వెళ్లాలట.

"కిటికీలు తెరిస్తే సరిపోదా?" అన్నారు మామగారు. సరిపోదు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఏ ఇంటి కిటికీ వైపూ చూడకుండా ఉండాలి. మాకూ పక్కింటికీ మధ్య సందు ఆరడుగులు. అటు 20 అడుగులు కొలిస్తే వాళ్ల పూజగదిలో తేలాం. ఎదురుగా ఉన్న మామగారి ఖాళీ స్థలం ఆదుకుంది. నాలుగు కర్రల మీద రేకు, చుట్టూ గోడల్లేవు. వానకి రేకు, దొంగలకి గొలుసూ తాళం.

అప్పుడు తోడల్లుడుగారు తన రహస్యాస్త్రం తీశారు: రెండు కొసలకీ పిన్నులున్న వైరు. ఒకటి జనరేటరులో, రెండోది హాలు ప్లగ్గులో గుచ్చితే ఇల్లంతా వెలుగే. కుర్రాడి ముఖంలో వెలుగు పోయింది. ఆ కరెంటు మీటరు దగ్గర మర్యాదగా ఆగదు, స్తంభం దాకా పోతుంది. 11,000 వోల్టులను మన 230కి దించే ట్రాన్స్‌ఫార్మరే వెనక నుంచి వచ్చినదాన్ని మళ్లీ 11,000కి ఎక్కిస్తుంది. లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ గతి ఏమిటి? పోనీ వైరు ఒక కొస ఊడిందా, పైకి తేలిన పిన్నుల్లో నిండా కరెంటు.

"మెయిన్ ఆపేస్తానయ్యా!" అన్నారాయన.

"వీధి కుళాయి ఆపడమే గుర్తుండదు ఈయనకి" అంది వదిన. ఆ సాక్ష్యంతో కేసు ముగిసింది. చేంజోవర్ స్విచ్ బిగించారు. వీధి కరెంటో, జనరేటరు కరెంటో, ఏదో ఒకటే ఇంట్లోకి వస్తుంది.

తరవాత పద్దులు రాసి రిటైరైన మామగారు లెక్క తీశారు. "నీళ్ల మోటారు ఒక హార్స్‌పవరు, అంటే 746 వాట్లు. 1000 లోంచి తీస్తే ఇంకా 254 మిగులు!" కాగితం మీద మిగిలింది. కానీ మోటారు కదిలే క్షణంలో మామూలుకి అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. జనరేటరు ఒక్క మూలుగు మూలిగి ఆగింది. చివరికి దీపాలు, ఫ్యాన్లు, ఫోన్లు, టీవీ మాత్రమే మంజూరయ్యాయి. మిక్సీ దరఖాస్తు తిరస్కరించారు. రోటి పచ్చడి తిన్నాం.

సీరియల్లో కోడలు నిజం చెప్పబోతుండగా పెట్రోలు అయిపోయింది. డబ్బా పట్టుకుని లేచిన తోడల్లుడుగారిని కుర్రాడు ఆపాడు. వేడి ఇంజను మీద పెట్రోలు చుక్క పడితే భగ్గుమంటుంది. చల్లారేదాకా ఆగాలి, డబ్బాని వంటింటి ఛాయలకే తీసుకురాకూడదు. ఆ కోడలు చెప్పిన నిజమేమిటో మాకిప్పటికీ తెలియదు.

అంతా శాస్త్రోక్తంగా కుదిరాక ఆ 20 అడుగులు కొత్త తగువు తెచ్చాయి. వానలో వెళ్లి తాడు లాగేదెవరు? పెద్దల్లుడికి హోదా అడ్డం, చిన్నల్లుణ్ణి నేను, నాకు జలుబు. ఎవరి వాదం వాళ్లం వినిపిస్తుండగా అత్తగారు పైట బొడ్లో దోపి, గొడుగు తీసుకుని వెళ్లారు. రేకు కింద తుండుతో చేతులు పొడిగా తుడుచుకుని, కాక్ తిప్పి, ఒక్క లాగు లాగారు.

స్టార్టయింది.

"కిరసనాయిలు స్టవ్వుతో ముప్ఫై ఏళ్లు వేగాను, ఇదెంత?" అన్నారు వస్తూ. అల్లుళ్లమిద్దరం శ్రద్ధగా ఫోన్లు ఛార్జింగు పెట్టుకున్నాం.