ఎవరికీ ఏమీ కాలేదు

డిసెంబరు వానలు తెరిపిచ్చిన శనివారం సాయంత్రం, శాన్ హోసేలో అల్లుడుగారు పార్కు నుంచి సంచీ నిండా పుట్టగొడుగులు తెచ్చారు. ఓక్ చెట్ల కింద విరగమొలిచి ఉన్నాయట. కొన్ని ఇంకా విచ్చుకోని తెల్లటి గుడ్లు. కొన్ని విచ్చుకున్న గొడుగులు. పైన లేత ఆకుపచ్చ ఛాయ, అడుగున తెల్లటి రేకులు, కాడ మొదట్లో పల్చటి తొడుగు.

"మావయ్యగారూ, ఊళ్ళో మీరు పెంచినవే ఇవి! చూడండి."

మావయ్యగారు నూజివీడు పక్క పల్లెలో వరిగడ్డి బెడ్లు వేసి ఏళ్ళ తరబడి పుట్టగొడుగులు పెంచి అమ్మిన మనిషి. కూతురింటికి చుట్టపుచూపుగా వచ్చారు. ఒకటి చేతిలోకి తీసుకుని తిరగేసి, మరగేసి చూశారు. గుడ్డు అచ్చం వరిగడ్డి పుట్టగొడుగు గుడ్డే. కాడ కింద తొడుగు కూడా అలాంటిదే. అయినా కింద పెట్టేశారు.

"పోలిక ఉంది బాబూ. కానీ అవి మా గడ్డి మీద మేం విత్తనం వేసి పెంచినవి, కాబట్టి నాది పూచీ. వీటికి విత్తనం ఎవరు వేశారు?"

అల్లుడుగారు నవ్వి ఫోన్ తీశారు. దేన్ని ఫొటో తీసినా పేరు చెప్పే యాప్ ఒకటి ఉంది అందులో. 'వరిగడ్డి పుట్టగొడుగు, తినదగినది, నూటికి 94 పాళ్ళు' అని తేల్చింది. దాని కింద ఎవరో ఒకాయన వ్యాఖ్య, అయిదు నక్షత్రాలతో: 'రాత్రి ఇంటిల్లిపాదీ తిన్నాం. రుచి అమోఘం. ఎవరికీ ఏమీ కాలేదు.'

"తిన్నవాళ్ళే చెబుతున్నారు కదండీ!"

"అయితే ఒక్క రాత్రి ఆగండి. విచ్చుకున్న గొడుగొకటి నల్ల కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూసి పెడదాం. తెల్లారేసరికి పొడి రాలుతుంది. గులాబి రంగైతే మన జాతే కావచ్చు. తెలుపైతే మాత్రం కచ్చితంగా కాదు."

"తెల్లారేసరికి ఇవి వాడిపోతాయండీ."

మావయ్యగారి మాట తోసేశారన్న మాట రాకుండా అల్లుడుగారు ఇంకో పరీక్ష పెట్టారు. పొయ్యి మీద ఉడుకుతున్న కూరలో వెండి చెంచా వేశారు. చెంచా నల్లబడలేదు. వెండి నల్లబడేది గంధకానికి. కోడిగుడ్డు పచ్చసొన తగిలినా నల్లబడుతుంది. పుట్టగొడుగుల విషానికి మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా ఆ విషం చావదు. పైగా తిన్నవాళ్ళంతా రుచి బాగుందనే చెబుతారు.

అమ్మాయికి పుట్టగొడుగుల వాసనే పడదు. మనవడి కంచం తాతగారు తన వైపు లాక్కుని పెరుగన్నం కలిపి పెట్టారు. ఆయనకు శనివారం ఒక్కపొద్దు. రాత్రి తొమ్మిదింటికి అల్లుడుగారొక్కరే వేడివేడి అన్నంలో కూర కలుపుకుని తృప్తిగా తిన్నారు. ఆయన కంచం ముందు కూర్చుని ఉండగానే మావయ్యగారు వంటగట్టు మీద మిగిలిన గొడుగొకటి తీసి, మనవడి డ్రాయింగు పుస్తకంలోంచి చింపిన నల్ల కాగితం మీద బోర్లించారు.

ఆదివారం ఉదయం ఆరింటికి అల్లుడుగారు హుషారుగా లేచారు. కాఫీ తాగుతూ యాప్ తెరిచి, ఆ వ్యాఖ్య కిందే తనూ ఒకటి రాశారు: 'మేమూ రాత్రి తిన్నాం. సూపర్. ఎవరికీ ఏమీ కాలేదు.' అయిదు నక్షత్రాలు.

ఏడింటికి మావయ్యగారు గిన్నె తీసి చూశారు. కాగితం మీద ముగ్గు వేసినట్టు తెల్లటి పొడి.

ఎనిమిదింటికి వాంతులు మొదలయ్యాయి. వెంటనే విరేచనాలు. అమ్మాయి కారు తీసేలోగా మావయ్యగారు ఆ కాగితాన్నీ మిగిలిన గొడుగునూ కవర్లో వేసుకున్నారు. ఆసుపత్రిలో దాన్ని చూడగానే డాక్టరు మొహం మారిపోయింది.

"డెత్ క్యాప్" అన్నారాయన. "దీని సొంత గడ్డ ఐరోపా. అక్కణ్ణుంచి తెచ్చిన చెట్ల వేళ్ళతో పాటు వచ్చి మా కాలిఫోర్నియా ఓక్ చెట్ల కింద స్థిరపడింది. ఆసియా నుంచి వచ్చినవాళ్ళు తమ ఊరి వరిగడ్డి పుట్టగొడుగనుకుని తినడం మాకు కొత్త కాదు. ఎన్నింటికి తిన్నారు?"

"రాత్రి తొమ్మిదింటికి."

"అదే దీని గుణం. తినగానే కక్కిస్తే మనిషి జాగ్రత్తపడతాడు. ఇది ఆరు నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సేపు గప్‌చిప్‌గా ఉంటుంది. బయటపడేసరికి విషం లివర్లోకి చేరిపోతుంది. అక్కడి కణాలు ప్రొటీన్ తయారుచేసుకోకుండా అడ్డుపడుతుంది. పెద్దమనిషి ప్రాణం తీయడానికి ఒక్క గొడుగు చాలు."

సెలైన్లు ఎక్కించారు, బొగ్గుపొడి మందు తాగించారు. సోమవారం రాత్రికి వాంతులు కట్టాయి. మంగళవారం ఉదయం అల్లుడుగారు లేచి కూర్చుని, ఆకలేస్తోంది, ఇడ్లీ తెమ్మన్నారు. అమ్మాయి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఇంటికి పోతామన్నారు.

డాక్టరు తల అడ్డంగా ఊపారు. "ఇది రెండో మోసం. తగ్గినట్టు అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఇంటికెళ్ళిపోతారు. లివర్ అసలు దెబ్బతినేది ఇప్పుడే" అంటూ రక్తపరీక్ష కాగితం చూపించారు. నలభై లోపు ఉండాల్సిన అంకె వేలల్లో ఉంది. లివర్ మార్పిడి చేసే పెద్దాసుపత్రికి కబురు పెట్టి ఉంచారు.

గురువారం దాకా ఆ అంకె పెరుగుతూనే పోయింది. శుక్రవారం ఆగింది. శనివారం దిగడం మొదలెట్టింది. మార్పిడి అక్కర్లేదన్నారు. సకాలంలో తెచ్చినందుకూ, తిన్నదేమిటో చేత్తో పట్టుకొచ్చినందుకూ మావయ్యగారి చెయ్యి పట్టుకుని డాక్టరు అభినందించారు.

కాస్త ఓపిక వచ్చాక అల్లుడుగారు ఫోన్ అడిగి తీసుకున్నారు. తనను నమ్మించిన ఆ పెద్దమనిషిని కడిగి పారేయాలని కసి. యాప్ తెరిచి ఆయన పేరు మీద నొక్కారు. వ్యాఖ్య రాసిన తేదీ రెండేళ్ళ కిందటిది. రాసిన సమయం ఉదయం అయిదున్నర. అంతకుముందు ఆయన వారం వారం ఏదో ఒక ఫొటో పెట్టేవాడు. ఆ ఉదయం తర్వాత ఒక్కటీ లేదు.

అల్లుడుగారి చేతులు వణికాయి. తను రాసిందైనా తీసేద్దామని కిందికి జరిపారు.

దాని కింద ఎవరిదో జవాబు ఉంది: 'థాంక్స్ బ్రదర్. మీ ఇద్దరి మాట చూశాక ధైర్యం వచ్చింది. పిల్లలు కూడా సరదాపడుతున్నారు. ఈ రాత్రికే వండుతున్నాం.'

ఆ జవాబు ఆదివారం మధ్యాహ్నానిది. ఇవాళ శనివారం.