చక్కెర నీళ్ల జమీందార్లు

హమ్మింగ్‌బర్డ్ ఫొటోలు చూసి దాని గుణం అంచనా వెయ్యకండి. కేలండర్‌లో పువ్వు ముందు ఆగి, రెక్కలు చాచి, ఎవరితోనూ ఏ పేచీ లేనట్టు కనిపిస్తుందే, ఆ పిట్ట మహా తగవులమారి. ఈ సంగతి మా బావ సామాను మొయ్యడం వల్ల నాకు తెలిసింది.

బావ ఉండేది న్యూజెర్సీలో. వారమంతా కంప్యూటరు, సెలవు దొరికితే పిట్టలు. కెమెరాకో సంచి, లెన్సుకో సంచి, ట్రైపాడ్‌కి నేను. ముగ్గురం ఈక్వడార్ రాజధాని కీటోకి వెళ్లాం. మా అక్క తెలివైనది, హోటల్లో ఉండిపోయింది. ఆ ఊరే 2,850 మీటర్ల ఎత్తులో ఉంది. అది చాలదన్నట్టు బావ నన్ను పక్కనే ఉన్న పిచించా అగ్నిపర్వతం వాలు మీది యానకోచా అడవికి తీసుకుపోయాడు. దాదాపు 3,500 మీటర్లు. చెట్ల నిండా నాచు, నాచు నిండా నీళ్లు, అన్నిటి మీదా మబ్బు. నాలుగడుగులు వేస్తే ఊపిరి అప్పు తెచ్చుకోవాలి. "బావా, కాస్త ఆగు" అన్న ముక్కని కూడా రెండు వాయిదాల్లో చెప్పాను.

అదే గాలిలో ఈ పిట్టలు ఒక్కచోట నిలబడి ఎగురుతున్నాయి. ఒంట్లో శక్తిని అంత దుబారా చేసే పని ఇంకోటి దొరకడం కష్టం. చిన్న జాతులు సెకనుకి 50 నుంచి 80 సార్లు రెక్కలాడిస్తాయి. కొన్నిటి గుండె నిమిషానికి 1,200 సార్లకు పైగా కొట్టుకుంటుంది. ఆ పూట నా గుండె కూడా పోటీకి దిగింది, అయితే నేను బెంచీ మీద కూర్చుని ఉన్నాను.

బాట పక్కన సీసాలు వేలాడదీశారు. ఒక పాలు పంచదార, నాలుగు పాళ్లు నీళ్లు. సీసాకి ఎన్ని కన్నాలున్నా సరే, ముందొచ్చినది తక్కినవాటిని దరిదాపులకి రానివ్వదు. తాగేది తక్కువ, తరిమేది ఎక్కువ. అది ఇటు ఒకదాన్ని తరుముతుంటే అటునుంచి ఇంకోటొచ్చి తాగి పోతుంది. కాళ్ల చుట్టూ తెల్లటి ఈకల గుత్తులుండే పఫ్‌లెగ్ అనే పిట్ట చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటుందో! నోరు తెరిస్తే మాత్రం, భాష రాకపోయినా, అవి తిట్లేనని తెలిసిపోతుంది.

అంతలో కత్తిముక్కు పిట్ట వచ్చింది. తోక వదిలేసి కొలిస్తే దాని ఒంటికన్నా ముక్కే పొడుగు. లోకంలో అలాంటి పిట్ట అదొక్కటే. కొమ్మ మీద వాలినా ముక్కు ఆకాశానికెత్తి కూర్చుంటుంది. పొగరు కాదు, బరువు. అంత ముక్కుతో ఒళ్లు దువ్వుకోవడం కుదరదు, కాళ్లతో గోక్కోవాల్సిందే. అడవిలో పొడుగాటి గొట్టాల్లాంటి పూలు దాని సొంత ఆస్తి, ఇంకెవరి ముక్కూ అంత లోతుకి అందదు. సీసా దగ్గరే చిక్కు. కన్నంలో ముక్కు పెట్టాలంటే బాగా వెనక్కి జరగాలి, ఆ జాగాలో ఎవడో ఒకడు అప్పటికే తయారుగా ఉంటాడు.

"తీశావా బావా?"

"కొమ్మ వచ్చిందిరా."

ఇంకోసారి పిట్టే వచ్చింది, రంగు రాలేదు. దాని గొంతు మీది మెరుపు పూసిన రంగు కాదు, ఈకల్లోని సన్నటి పొరల మీద వెలుతురు చేసే మాయ. కోణం కుదిరితే నిప్పు, కుదరకపోతే మసి. బావకి మసే ఎక్కువ దక్కింది.

అందుకని కొండ దిగి మిండో వైపు ఒక లాడ్జికి వెళ్లాం. మన ఊళ్ల స్టూడియోల్లో తాజ్‌మహల్ తెర ముందు నిలబెట్టి ఫొటో తీసేవారే, అచ్చం అదే ఏర్పాటు. పిట్ట వెనక అడవి బొమ్మ అచ్చేసిన తెర. అసలు అడవి ఆ తెర వెనకే ఉంది, కానీ అది చిందరవందరగా పడుతుందట! పువ్వులోకి సిరంజితో పంచదార నీళ్లు. చుట్టూ నాలుగైదు ఫ్లాషులు. వాటి పవర్ బాగా తగ్గిస్తే వెలుగు సెకనులో ఇరవై వేలో వంతు మాత్రమే ఉంటుంది. రెక్కని ఆపేది కెమెరా కాదు, ఆ వెలుగు. ఈ విద్యకి ఆద్యుడు ఎంఐటీలో పనిచేసిన హెరాల్డ్ ఎడ్జర్టన్. అదే దారిలో పిట్టల వెంటపడి 1960లో పెద్ద పుస్తకమే వేసిన క్రాఫర్డ్ గ్రీన్‌వాల్ట్ డ్యూపాంట్ కంపెనీ అధ్యక్షుడు. అంత కంపెనీ నడిపేవాడికే తప్పలేదని తెలిశాక బావ మీద నా కోపం కొంత తగ్గింది.

"చూడరా, ఎంత ప్రశాంతంగా ఉందో!" అన్నాడు బావ, కెమెరా తెర నా ముందు పెట్టి.

ఆ ఫొటోకి ముందు అది ఒకదాన్ని పొడిచింది, తర్వాత ఇంకోదాన్ని తరిమింది. సెకనులో ఇరవై వేలో వంతు సేపు ప్రశాంతంగా మా బావ కూడా ఉండగలడు.

రాత్రయితే మాత్రం నిజంగానే చల్లబడతాయి. పెరూలో ఆండీస్ కొండల మీద కొలిస్తే, నిద్రలో ఒక జాతి ఒంటి వేడి 3.3 డిగ్రీలకు దిగిందని 2020లో ప్రకటించారు. తెల్లవారేసరికి వణికి వణికి వేడెక్కి, మళ్లీ తగవుకి హాజరు.

బావ ఆ ఫొటో తెనాలిలో ఉన్న అత్తయ్యకి పంపాడు. వెంటనే ఫోను.

"ఇదేమిట్రా, మన పెరట్లో మందారాల మీదికి రోజూ వస్తుందిగా! దీనికోసం అంత దూరం పోయారా?"

"అది తేనెపిట్టమ్మా. హమ్మింగ్‌బర్డ్ అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా ఉండదు. మనది చాలావరకు కొమ్మ మీద వాలి తాగుతుంది, ఇది గాల్లో నిలబడి తాగుతుంది."

అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. "కూర్చోడానికి అక్కడ కొమ్మలు లేవా, పాపం?" అంది.

నేను ఫోను లాక్కున్నాను. "కొమ్మలకేం కొదవ లేదత్తయ్యా, బావ మెమరీ కార్డు నిండా అవే."