ఉత్తుత్తి ఓటు

2023 నవంబరు 30. కొల్లాపూర్ నియోజకవర్గంలో ఒక ఊరి బడిలో ప్రిసైడింగ్ ఆఫీసరుగా నాకు డ్యూటీ పడింది. ఏడింటికి పోలింగ్. ఐదున్నరకే మాక్ పోల్.

సిమ్యులేషన్ అంటే ఏంటి సార్ అని క్లాసులో పిల్లలు అడిగినప్పుడల్లా పైలట్ సంగతి చెప్పేవాణ్ని. నేల మీదే కూచుని తుఫానులో విమానం దించడం నేర్చుకుంటాడని. పాపం, వాళ్లు చూసిన విమానం ఆకాశంలో ఒక గీత! ఇప్పుడు మాక్ పోల్ చెబుతున్నాను. ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఉత్తుత్తి ఓట్లు. నోటాతో సహా ప్రతి గుర్తుకూ పడాలి. ఏజెంటు రాని అభ్యర్థికి మేమే నొక్కుతాం. మిషన్ లెక్కా, వీవీప్యాట్ చీటీల లెక్కా సరిపోవాలి. ఆ తర్వాత క్లియర్ నొక్కి, చీటీల వెనక ముద్ర కొట్టి, నల్ల కవర్లో పెట్టి సీలు వేయాలి. క్లియర్ మరిచామా, ఉత్తుత్తివి అసలువాటిలో కలిసిపోతాయి.

ఆ చలిలో మఫ్లరు చుట్టుకుని అందరికన్నా ముందొచ్చింది ఒక ఇండిపెండెంటు తాలూకు ఏజెంటు. దేశమంతా చెప్పుకున్న అభ్యర్థి బర్రెలక్క మనిషి కాదు, ఆమెతోపాటు నిలబడ్డ ఇంకొకాయన మనిషి. తన గుర్తుకు నాలుగు ఓట్లు నొక్కాడు. చీటీలు లెక్కపెడుతుంటే మెడ చాచి చూశాడు.

"మా అన్నకు నాలుగు పడ్డయి సారూ!"

నేను క్లియర్ నొక్కగానే మొహం చిన్నబుచ్చుకున్నాడు. "గట్లనే ఉండనియ్యరాదు సారూ, ఎవరికేం నష్టం?"

పెద్ద పార్టీల ఏజెంట్లు ఒకటే నవ్వు. వాళ్లు మధ్యాహ్నం దాకా చాయ్‌కనీ, బీడీకనీ మారుతూనే ఉన్నారు. ఇతను మాత్రం కుర్చీ వదల్లేదు. ఒక్కసారి లేచాడు, పదింటికి. ఆ బూత్‌లోనే అతనికి ఓటు. లైన్లో నిలబడి వేసొచ్చి, సిరా వేలు చూపించాడు. "అసలుది గూడ ఏసిన సారూ!"

సాయంత్రం సీళ్లు వేస్తుంటే సంతకం పెడుతూ అన్నాడు: "గట్టిగెయ్యుండ్రి సారూ, అండ్ల మా అన్న ఓట్లున్నయి."

బూత్‌లవారీ లెక్కలు బయటికొచ్చాక, ఊరికే ఉండబట్టక మా బూత్ వరస తీసి చూశాను. వాళ్ల అన్నకు పడ్డవి సున్నా.